రెండో భాగం ఏమైంది?

సెలూన్ తెరవడానికి వెళ్తూ చిట్టి రోజూ పొద్దున్నే తమ్ముడి ఇంటికి వచ్చేది. తల్లి కళ్ళలో చుక్కల మందు వేసి, జడ అల్లి వెళ్ళడం ఎప్పటి నుంచో ఆమె అలవాటు. రోజంతా డబ్బులకి ఊరందరి తలలూ దువ్వే మనిషి, ఈ ఒక్క తల మాత్రం ఆపేక్షగా దువ్వేది. ఆ పనిలో తనకెవరూ పోటీ రారన్న ధీమా కూడా ఉండేది పాపం.

కొత్త మరదలు రాగానే ఆ ధీమా కాస్తా గాలికి పోయింది. తమ్ముడు మన దేశం వెళ్ళి పెళ్ళి చేసుకొచ్చాడు. ఆ అమ్మాయి రెండు పెట్టెలతో దిగింది. ఒకదాంట్లో బట్టలు, రెండోదాని నిండా నవలలు. అవి చూసి అత్తగారు ఆనందంతో ఉక్కిరిబిక్కిరయింది. చూపు మసకబారి అక్షరాలు అలుక్కుపోవడం మొదలయ్యాక ఆవిడ పుస్తకం ముట్టలేదు మరి. ఇప్పుడు కోడలు గొంతెత్తి చదవడం, అత్తగారు మధ్యమధ్యలో కథలోని మనుషుల్ని తిట్టడం, ఇద్దరూ పగలబడి నవ్వడం.

చిట్టికి ఒళ్ళు మండిపోయేది. ఐదేళ్ళప్పుడే ఈ దేశం వచ్చేసింది. మన భాష మాట్లాడటం వచ్చుగానీ చదవడం రాదు. తల్లికి తను చేయలేని పని నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల చేస్తోంటే కన్నుకుట్టకుండా ఎలా ఉంటుంది?

"రండి వదినా, ఇప్పుడే మొదలుపెట్టాం," అంది మరదలు ఆ రోజు కూడా.

"కానివ్వండి, కానివ్వండి. మధ్యలో నేనెందుకు?" అంటూ చిట్టి దువ్వెన తీసింది.

"కాసేపు కూర్చుని వినవే. గడియారాలు బాగుచేసే ఆయన కూతురు అలిగి ఇల్లు వదిలి పోయింది. కథ మంచి పట్టులో ఉంది," అంది తల్లి.

"నాకంత తీరిక ఎక్కడిదమ్మా? కస్టమర్లు కాచుకుని ఉంటారు. నువ్వు తల కదపకు."

నిజానికి ఏ కస్టమరూ కాచుకుని లేడు. సెలూన్ తెరవడానికి ఇంకా చాలా టైముంది. జడ గబగబా అల్లేసి, ముఖం ముడుచుకుని వెళ్ళిపోయింది.

మర్నాటికి మొదటి భాగం అయిపోయింది. రెండో భాగం అలమరలో ఉంది. చదవడం రాకపోతేనేం, అట్ట మీద అదే గడియారం బొమ్మ చూసి చిట్టి పోల్చుకుంది. మరదలు వంటింట్లోకి వెళ్ళిన సందు చూసి దాన్ని దువ్వెనల సంచీలో పడేసింది. ఆ నవ్వులు నాలుగు రోజులు ఆగితే చాలనుకుంది, అంతే.

నవ్వులు ఆగలేదు. పుస్తకం కోసం ఇల్లంతా గాలించి, దొరక్కపోయేసరికి అత్తాకోడళ్ళు తర్వాతి కథ సొంతంగా అల్లుకోవడం మొదలుపెట్టారు. ఒకరు గడియారాలాయన కూతురికి డ్రామా కంపెనీలో ఉద్యోగం ఇప్పిస్తే, ఇంకొకరు పీకించేశారు. చిట్టికి ఏడుపొక్కటే తక్కువ. చేసిన దొంగతనం కూడా కలిసిరాలేదు.

అంతగా ఏముంది ఇందులో అనుకుని, సెలూన్లో ఫోనుతో పేజీలు ఫొటో తీసి, అది చదువుతుంటే చెవిలో వినడం మొదలుపెట్టింది. ఫోను గొంతుకి ఏడుపూ నవ్వూ ఒకటే. ఎక్కడ ఆపాలో దానికి తెలియదు. అయినా రెండో రోజుకల్లా చిట్టి కథలో పీకల్దాకా మునిగిపోయింది. గోధుమరంగు వేయమన్న ఒకావిడ సంగతి మరిచిపోయి, కడిగేసరికి జుట్టు కారునలుపు తేలింది. ఆవిడ పెట్టిన శాపనార్థాలు కూడా చిట్టి సగమే విన్నది. అప్పటికి కూతురు ఉన్న ఊరికి తండ్రి బస్సెక్కాడు.

ఆ వారం చివర్లో ఒక పొద్దున జడ అల్లుతుండగా తల్లి నిట్టూర్చింది.

"ఆ తండ్రిని చంపేద్దామే కోడలా. కూతురు తిరిగొచ్చేసరికి ఇంటికి తాళం ఉండాలి. అప్పుడే గుండె బరువెక్కుతుంది."

"చావడమ్మా," అంది చిట్టి. "ఆయన ఎందుకు చస్తాడు? షాపు మూసేసి, కూతురికిష్టమైన ఆ చిన్న గడియారం జేబులో పెట్టుకుని వెతుక్కుంటూ బయల్దేరాడు. కాస్త ముసలాయన్ని బతకనివ్వండి."

అని నాలుక కరుచుకుంది. ప్లంబరు పనికి వెళ్ళడానికి బూట్లు తొడుక్కుంటున్న తమ్ముడు ఒక బూటు చేత్తో పట్టుకుని అలాగే ఉండిపోయాడు.

"వదినా, రెండో భాగం మీ దగ్గరుందా?" అంది మరదలు.

"ఉంది. నేనే తీశాను. ఇప్పుడేమంటావు? నువ్వు అడుగుపెట్టిన దగ్గర్నుంచి మా అమ్మ నాది కాకుండా పోయింది. మీ మాటలు మీవి, మీ నవ్వులు మీవి. నాకు దువ్వెన ఒకటి మిగిల్చారు. పొద్దున్నే లేచి చదువుకుంటూ కూర్చుంటారు, నేను వచ్చేసరికి పరాయిదాన్ని చూసినట్టు చూస్తారు."

మరదలు ముఖం ఎర్రబడింది.

"పొద్దున్నే లేచి చదువుకుంటామా? అత్తయ్యగారినే అడగండి. తెల్లారకముందే లేచి కుర్చీలో కూర్చుంటారు. చదవనా అంటే 'చిట్టిని రానీ' అంటారు. టీ చల్లారిపోతుంది, నేను మళ్ళీ కాచి తెస్తాను. గుమ్మంలో మీ చెప్పుల చప్పుడు వినబడ్డాకే 'ఇక మొదలుపెట్టు' అంటారు. మీరేమో రెండు నిమిషాల్లో వెళ్ళిపోతారు. ఆ తర్వాత ఆవిడకి ధ్యాస ఉండదు, చదివిందే మళ్ళీ చదివించుకుంటారు. కుళ్ళు మీకొక్కరికేనా వదినా? ఎదురుగా కూర్చుని గొంతు పోయేలా చదివేది నేను. ఆవిడ చెవులు మాత్రం గుమ్మం దగ్గరుంటాయి."

'ఇప్పుడే మొదలుపెట్టాం.' రోజూ ఆ మాట విని చిట్టి అదేదో మర్యాదకి అంటోందనుకుంది. చేతిలో దువ్వెన జారి కింద పడింది.

"ఎందుకు చెప్పలేదమ్మా?"

"ఏమని చెప్పనే? తీరిక లేదంటావు. పనిచేసుకునే పిల్లని కథలు వినమని బలవంతం చేస్తానా? ఒక రోజు కాకపోతే ఒక రోజు కూర్చుంటావులే అనుకున్నాను," అంది తల్లి. చేత్తో తడిమి కూతురి ముఖం పట్టుకుంది. తడి తగిలింది. "పిచ్చిదానా, దొంగతనం చేసి మరీ విన్నావా? పోనీ, తండ్రీకూతుళ్ళు కలుస్తారా?"

చిట్టి ముక్కు తుడుచుకుంటూ సంచీలోంచి పుస్తకం తీసి మరదలికిచ్చింది. ఆఖర్న ఇంకా కొన్ని పేజీలు ఉన్నాయనగా జుట్టు క్లిప్పు ఒకటి పెట్టి ఉంది.

"తెలియదమ్మా. నిన్న ఇక్కడిదాకా వచ్చి ఆపేశాను. బస్సు దిగాడు. మీరిద్దరూ పక్కన లేకుండా మిగతాది వినబుద్ధి కాలేదు."

తమ్ముడు బూటు కింద పెట్టి, వెళ్ళి ఇంకో కుర్చీ తెచ్చి వేశాడు. చిట్టి అందులో కూర్చుని సెలూన్‌లో పనిచేసే అమ్మాయికి ఫోన్ చేసి, ఇవాళ ఆలస్యమవుతుందని చెప్పింది. మరదలు క్లిప్పు తీసి ఆమె చేతిలో పెట్టి, గొంతు సవరించుకుంది.

"ఇక మొదలుపెట్టు," అంది తల్లి. ఆవిడ జడ సగంలోనే ఉంది. అది ఎవరికీ గుర్తు లేదు.