కుంచెడు తవుడుకి పెళ్ళికొడుకు

మా విశాఖపట్నం చరిత్ర తెలుసుకోవాలంటే పుస్తకాలు తిరగెయ్యనక్కర్లేదు. ఎనభై అయిదులో, ఉక్కు ఫ్యాక్టరీ కడుతున్న రోజుల్లో, ఏ కంట్రాక్టరు గేటు దగ్గరైనా పొద్దున్నే నిలబడి మస్టరు, అదే కూలీల హాజరు పిలుపు, వింటే చాలు. పెద్ద గాలివాన నాడు పుట్టినవాడు తుపానయ్య. ఉక్కు కోసం ఊరంతా అట్టుడికిన ఏడు పుట్టినవాడు స్టీలప్పడు. రేవులో కొత్త ఓడ చూడబోయి అక్కడే నొప్పులొచ్చిన తల్లికి పుట్టింది ఓడమ్మ. ఆమె బారసాలకి ఓడ కెప్టెను డబ్బాడు బిస్కట్లు పంపాడంటారు. నేను తినలేదు గనక ఒట్టు వెయ్యను.

ఆ మస్టరు పిలిచే టైమ్‌కీపరు పోలిరాజు. ఇరవై నాలుగేళ్ళవాడు. బెల్‌బాటాల కాలం పోయినా వాటిని వదలనివాడు.

ఒక సోమవారం మస్టర్లో కొత్త పేరొచ్చింది.

"తవిటమ్మ!" అని పిలిచి నవ్వాడు. "ఎంతకి కొన్నారేటమ్మా నిన్ను? సోలెడా, కుంచెడా?"

గేటంతా గొల్లున నవ్వింది.

మావైపు ముందు పుట్టిన పిల్లలు దక్కకపోతే, తర్వాతి బిడ్డను దారిన పోయే మనిషికి కాసింత తవుడుకి అమ్మేస్తారు. పరాయి బిడ్డ కదా అని చావు గుమ్మం దాటి పోతుందని నమ్మకం. కొన్నావిడ బిడ్డను తల్లి దగ్గరే పెంపకానికి వదిలేసి తన దారిన తాను పోతుంది. బిడ్డకు మాత్రం తవుడు పేరు మిగిలిపోతుంది.

నీలం పరికిణీ ఓణీలో ఒక పిల్ల ముందుకొచ్చింది.

"సోలెడే బాబూ. నిన్నమ్మితే ఊక కూడా ఎవులూ ఇవ్వరు. నాను కొత్త టైపిస్టుని. నీ జీతం కాయితం నానే కొట్టాల, జాగర్త!"

ఆ నెల జీతం కాయితంలో పోలిరాజు పేరు 'ఊకరాజు' అని పడింది. దిద్దించుకోవడానికి వెళ్ళాడు. మర్నాడు మళ్ళీ వెళ్ళాడు, ఈసారి పకోడీల పొట్లంతో. నాలుగక్షరాలు దిద్దించుకోవడానికి ఆర్నెల్లు పట్టింది.

కంచరపాలెం బస్టాపులో ఒక సాయంత్రం వాన దంచేస్తుంటే, ఒకే గొడుగు కింద తవిటమ్మని అడిగేశాడు. "పెళ్ళి సేసుకుందామేటి?"

"నన్నేటి అడగతావు? మీ అమ్మని తీసుకొచ్చి మా అమ్మని అడుగు," అంది. అని, గొడుగు తనే పట్టుకుపోయింది. వాడు తడుస్తూ నవ్వుతూ నిలబడిపోయాడు.

ఆదివారం తల్లి మహాలక్ష్మమ్మను వెంటబెట్టుకుని వెళ్ళాడు. తవిటమ్మ తల్లి చిట్టమ్మ మంచినీళ్ళు ఇవ్వబోయి, వచ్చినావిడ ముంజేతి మీది తేలు పచ్చబొట్టు చూసింది. గ్లాసు కింద పడింది.

"ఓలమ్మా! నువ్వు తవుడు గంపతో తిరిగిన మనిషివి కావేటి?"

మహాలక్ష్మమ్మ ఆవిడ మొహంలోకి తేరిపార చూసింది. "రైలు గేటు కాడ బిడ్డని నా ఒళ్ళో ఎట్టేసింది నువ్వేనా ఒదినా? నా బిడ్డ బతికిందా?"

ఇద్దరూ పట్టుకుని ఏడ్చారు.

"ఇంకేటి, ముందే సుట్టాలం!" అన్నాడు పోలిరాజు.

ఏడుపు ఠక్కున ఆగింది.

"ఒరే, ఇది నాను కొన్న బిడ్డరా," అంది తల్లి. "నీకు సెల్లెలవుద్ది."

"సోలెడు తవుడుకి సెల్లెలేటమ్మా?"

"సోలెడైనా కొన్నది కొన్నదే."

"అయితే తిరిగిచ్చీ!"

"వద్దు బాబూ!" చిట్టమ్మ అడ్డొచ్చింది. "ఇద్దర్ని మట్టిలో ఎట్టినాను. దీన్ని నా పిల్లని ఒక్కనాడూ అన్లేదు. ఇప్పుడు నాదంటే, ఆ మాట ఇనకూడనోళ్ళు ఇంటారు." కళ్ళు తుడుచుకుంది. "లచ్చివారం అనకాపల్లి నుంచి సంబంధం వస్తన్నారు. మరచిపోండి."

లక్ష్మివారానికి నాలుగు రోజులే. పోలిరాజుకి తిండి లేదు, కూర్చుంటే కూర్చోలేడు, నిలబడితే నిలబడలేడు. మస్టర్లో ఓడయ్య, తుపానమ్మ అని పిలిచాడు. ఎదురుగా ఉన్నవాళ్ళకి ఆబ్సెంటు వేశాడు. ఎక్కిన బస్సు దిగి, దిగిన బస్సే మళ్ళీ ఎక్కాడు. టైపు గదిలో మిషను చప్పుడు ఆగితే గుండె ఆగేది, మొదలైతే మరీ కొట్టుకునేది.

బుధవారం మధ్యాహ్నం మిషను ఆగింది. తవిటమ్మ బయటికొచ్చింది.

"సాయంత్రం మీ అమ్మని తీసుకురా. ఏటి, ఎందుకని అడక్కు."

వెళ్ళేసరికి నట్టింట్లో కుంచం నిండా తవుడు. పక్కన చిట్టమ్మ బిక్కమొహం వేసుకుని కూర్చుంది.

"అమ్మా, నన్నమ్మినావు, బాగానే ఉంది," అంది తవిటమ్మ. "ఎనక్కి తీసుకోవద్దు. నాను ఈయమ్మ కూతుర్నే. మరి ఈయమ్మ కొడుకుని నువ్వు కొనీ!"

"ఏటే?"

"అప్పుడు నాను ఈయమ్మ పిల్లని, ఈడు నీ పిల్లడు. మీరిద్దరూ ఒదినా ఒదినా అనుకుంటన్నారు. మరి మేవేటవుతాం?"

ఇద్దరు తల్లులూ వేళ్ళు మడిచి లెక్కపెట్టారు. మధ్యలో తప్పి మళ్ళీ మొదలెట్టారు.

"బావా మరదళ్ళు!" అరిచాడు పోలిరాజు.

మహాలక్ష్మమ్మ నవ్వలేదు. ఒక్కగానొక్క కొడుకు. వాడి మొహం చూసింది, చిట్టమ్మ మొహం చూసింది.

"నా కూతుర్ని ఇరవయ్యేళ్ళు కళ్ళల్లో ఎట్టుకుని పెంచినావు," అంది చివరికి. "నా కొడుకుని నీకిమ్మంటే ఎనకాడితే నాయమేటి?" కొంగు పట్టింది. చిట్టమ్మ కుంచం ఎత్తి ఒక్కసారిగా పోసేసింది. ఇద్దరి మొహాలూ, పక్కనున్న పోలిరాజు జుట్టూ తవుడే.

"అమ్ముడుపోయినోడికి పేరు మారాల కదా," అంది తవిటమ్మ. గుమ్మంలో నిలబడి, మస్టరు పిలిచినట్టు పిలిచింది.

"తవిటయ్యా!"

వాడు ఇంకెవరినో అనుకుని వెనక్కి తిరిగి చూశాడు.

"పలకవేటి? ఆబ్సెంటు ఏసీమంటావా?"

"ప్రెజెంటు!" అన్నాడు తవిటయ్య.

"ఎంతకి కొన్నారు బావా నిన్ను? సోలెడా, కుంచెడా?"

"కుంచెడు! నీకన్నా నా రేటే ఎక్కువ."

"ధరలు పెరిగిపోయినాయి బావా," అంది, వాడి జుట్టులో తవుడు దులుపుతూ. "సరుకేటి బాగుపళ్లేదు."