ఖాళీ మిక్సీ చప్పుడు

తడి బూటు వచ్చి చెంప ఎముక మీద తగిలేసరికి ఆమెకు కళ్ళు బైర్లు కమ్మాయి! పొయ్యి గట్టు పట్టుకుని నిలదొక్కుకుందో లేదో, రెండో బూటు కూడా వచ్చి వీపు మీద పడింది.

"లేసులు కట్టుకునే బూట్లు లేకపోతే పార్కులో పైకి ఎక్కనివ్వరని చిలక్కి చెప్పినట్టు చెప్పానా? పిల్ల బూట్లు నిన్న సాయంత్రమే ఉతకాలా నీకు? ఆఫీసువాళ్ళందరి ముందూ నా పరువు తియ్యడానికే కదూ!" అని అరిచాడు మొగుడు.

"ఆరిపోతాయనుకున్నానండీ... ఇస్త్రీపెట్టె పెట్టి ఆరబెట్టేస్తాను... ఇప్పుడే..."

ఆ మాట పూర్తి కాకుండానే ఆమె జుట్టు అతని పిడికిట్లోకి వెళ్ళిపోయింది. తల ఠప్పున గోడకు కొట్టుకుంది. సరిగ్గా అప్పుడే, గుర్ర్ర్‌మంటూ మిక్సీ మొదలైంది.

ఆ ఇంట్లో అదొక అలవాటు. కొడుకు చెయ్యి లేచిందంటే చాలు, అత్తగారు వాళ్ళిద్దరి పక్కనుంచే ఒదిగి ఒదిగి వచ్చి మిక్సీ మీట నొక్కేస్తుంది. ఇరుగుపొరుగుకి వినపడకూడదని! పక్కగదిలో పిల్ల వినకూడదని! గిన్నెలో ఏమైనా ఉందా అంటే ఏమీ ఉండదు. ఖాళీ గిన్నె, లోపల బ్లేడు ఉత్తినే గిరగిరా తిరుగుతూ ఉంటుంది. కొడుకు అలిసిపోయి చెయ్యి దించాక, ఆవిడ మీట కట్టేసి, కొంగుతో గట్టు తుడిచి, ఏమీ ఎరగనట్టు వెళ్ళి మంచం మీద కూర్చుంటుంది. అలా ఖాళీగా తిప్పీ తిప్పీ మోటారు మాడిపోతే, కొడుకే కొత్త మిక్సీ కొని తెచ్చాడు. ఎందుకు మాడిందని ఆ ఇంట్లో ఎవరూ అడగలేదు.

"పౌడరు కాస్త దట్టంగా రాసుకో అమ్మాయ్," అంది అత్తగారు, తర్వాత. "నలుగురూ వచ్చేచోటు. ఎవరైనా అడిగితే తలుపు తగిలిందని చెప్దాం."

"సరే అత్తయ్యా," అంది కోడలు. తెల్లవారకముందే బేకరీలో బస్తాల పిండి పిసికి వచ్చిన చేతులు ఆమెవి. ఆ చేతులు ఇప్పుడు పౌడరు డబ్బా మూత తియ్యలేకపోతున్నాయి...

అతను లిఫ్టు మెకానిక్కు. పెద్దపెద్ద మేడల్లో, లిఫ్టు గోతుల్లో, తాళ్ళ మీద వేలాడుతూ పనిచేసే మనిషి. బయట అతనంత నెమ్మదస్తుడు లేడంటారు! అతని కంపెనీవాళ్ళు ఆ రోజు పనివాళ్ళను కుటుంబాలతో సహా తాళ్ళ పార్కుకి రమ్మన్నారు. ఊరి చివర పొడవాటి చెట్లకి, స్తంభాలకి ఇనప తీగలు లాగి, వాటి మీద ఊగే చెక్కల వంతెనలు, వలల గోడలు కట్టిన పార్కు అది. ఒక చెక్క అరుగు నుంచి ఇంకో అరుగుకి గాల్లోనే నడుచుకుంటూ పోవాలి. చిట్టచివర గిలకకి వేలాడి, తీగ మీద జర్రున జారి నేల మీదకి దిగాలి; భయపడినవాళ్ళకి మెట్లు కూడా ఉన్నాయి.

నడుముకీ తొడలకీ పట్టీలు బిగించి, వాటికి కొక్కేల తాళ్ళు తగిలించి, అక్కడి శిక్షకురాలు అందరికీ ఒకటే మాట చెప్పింది. "మీ దగ్గర రెండు కొక్కేలున్నాయి. ఒకటి విప్పాలంటే రెండోది తీగకి తగిలించి ఉండాలి. రెండూ ఒకేసారి మాత్రం విప్పకండి. విప్పారా, ఇంక మిమ్మల్ని పట్టుకునేది ఏదీ ఉండదు."

"రోజూ ఇంతకు పదింతల ఎత్తులో వేలాడేవాణ్ణి, నాకు నేర్పుతోంది!" అని మెకానిక్కు స్నేహితులతో నవ్వాడు.

కోడలు మాత్రం నవ్వలేదు. ఎప్పుడూ ఏదో ఒకటి పట్టుకుని ఉండాలి... ఎంత మంచి మాట చెప్పింది ఈ పిల్ల, అనుకుంది. నన్ను పట్టుకుని ఉన్నదేమిటి? అనుకుంది. ముందు నిలబడిన కూతురి జడ కనిపించింది. అదే. అదొక్కటే.

ఆ కూతుర్ని ఇంట్లో అందరూ పిచిక అంటారు. పేరుకే పిచిక, ఇంట్లో దాని గొంతే వినపడదు. అలాంటిది, చెక్కల వంతెన ఎక్కిందో లేదో, ఎక్కడినుంచి వచ్చిందో ఆ హుషారు! సగం తడి బూట్లతోనే టకటకా పోతోంది. "అమ్మా, కిందికి చూడు! నానమ్మ బొమ్మలా ఉంది!" అని కిలకిలా నవ్వుతోంది. వెనకాలే కొక్కేలు మార్చుకుంటూ నడుస్తున్న తల్లికి కన్నీళ్ళు ఆగలేదు. నా బిడ్డ నవ్వగలదన్నమాట! ఇంత గట్టిగా నవ్వగలదన్నమాట!

చివరి అరుగు చేరేదాకా అంతా బాగానే ఉంది. అక్కడ వీళ్ళకంటే ముందున్న ఒకాయన గిలక పట్టుకుని తీగ మీద జారాడు.

గుర్ర్ర్ర్ర్...

పిచిక మొహంలో నెత్తురుచుక్క లేకుండా పోయింది. రెండు చేతులతో స్తంభాన్ని వాటేసుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని, కూర్చుండిపోయింది.

"ఏమైందమ్మా? ఎత్తంటే భయమేసిందా?"

"కాదు..." పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి దానికి. "మిక్సీ... మిక్సీ మోగింది... ఇప్పుడు నాన్న నిన్ను కొడతాడు..."

తల్లి గుండె ఆగినంత పనైంది! పక్కగదిలో పిల్లకి ఏమీ తెలియదనుకుంది ఇన్నాళ్ళూ! తెలియకూడదనే పళ్ళ బిగువున ఏడుపు మింగింది. పిల్లకి దెబ్బ వినిపించకపోతేనేం... ఆ గుర్రు వింటే చాలు, గోడకవతల ఏం జరుగుతోందో దానికి అంతా తెలుసు!

ఈలోగా అరుగు ఊగింది. వెనకనుంచి మెకానిక్కు వచ్చేశాడు.

"ఏమిటీ గోల? లే! పైకి లే!"

కిందనుంచి మేనేజరు కేకేశాడు. "ఏమయ్యా, ఊరందరినీ లిఫ్టుల్లో దింపేవాడివి, కూతుర్ని దింపలేకపోతున్నావా!" గుంపంతా ఘొల్లున నవ్వింది.

ఆ నవ్వు అతనికి నషాళానికంటింది. వంగి, పిల్ల వేళ్ళు ఒక్కొక్కటే స్తంభం నుంచి ఊడబీకసాగాడు. పిచిక ప్రాణం పోతున్నట్టు కేక పెట్టింది.

"ఆగండి!" తల్లి మధ్యలోకి వచ్చేసింది. అంత గట్టిగా అతనితో ఆమె ఏనాడూ మాట్లాడలేదు. "దాన్ని ముట్టుకోకండి! మెట్ల మీంచి నేను దింపుకుంటాను!"

ఫెడేల్‌మని ఆమె చెంప పేలింది. పొద్దున్న బూటు తగిలిన చెంపే.

కింద నవ్వులు ఒక్కసారిగా ఆగిపోయాయి. ఆ చెంపదెబ్బ పార్కు ఈ చివరినుంచి ఆ చివరిదాకా వినిపించింది. నొక్కడానికి అక్కడ ఏ మీటా లేదు! కింద బల్ల మీద కూర్చున్న అత్తగారి చెయ్యి, అలవాటుకొద్దీ, గాల్లోకి లేచి దేనికోసమో తడుముకుంది...

"అందరి ముందూ నాకే ఎదురు చెప్తావా?" పళ్ళు కొరుకుతూ ఆమె మీదకి రాబోయాడు. అతని కొక్కేల తాళ్ళు స్తంభానికి అవతల చిక్కుకుని వెనక్కి లాగాయి. "ఛీ, ఈ దరిద్రపు తాళ్ళొకటి!" అంటూ టక్కు టక్కుమని రెండూ విప్పేశాడు. తాళ్ళ మీద బతికే మనిషి! ఎవరు మరిచినా తను మరవకూడనిది, కోపంలో మరిచిపోయాడు.

చెయ్యి మళ్ళీ లేచింది. ఎప్పుడూ తలవంచుకునే ఆమె ఈసారి కూతుర్ని పొదువుకుని పక్కకి జరిగింది. దెబ్బ గాలికి తగిలింది. ఆ ఊపుకి అతని కాలు అరుగు అంచు దాటేసింది!

కింద అందరూ ఒక్కసారిగా కేకలు పెట్టారు. ఆమె ఆలోచించలేదు. బోర్లా పడి, రెండు చేతులా అతని మణికట్టు దొరకబుచ్చుకుంది. భుజం కీలు ఊడిపోయినంత నొప్పి! కొక్కేలు ఆమెని వెనక్కి లాగి పట్టుకున్నాయి. ఆమె అతన్ని పట్టుకుంది. అతని కాళ్ళ కింద అంతా శూన్యం.

"వదలకు... వదలకే... నీకు దణ్ణం పెడతాను, వదలకు..."

అప్పుడు చూసింది తను పట్టుకున్న చేతిని. ఎన్నిసార్లు ఈ చెయ్యి తన జుట్టు పట్టింది! పోయినేడు వేలు విరిచింది ఈ చెయ్యే! ఇప్పుడు ఈ వేళ్ళు కాస్త సడలిస్తే చాలు... జారిపోయిందంటే ఎవరు కాదంటారు? ఆమెకి ఆ ఆలోచన వచ్చింది. రాలేదని ఎందుకు దాచాలి, వచ్చింది! వెనకనుంచి "అమ్మా..." అంటూ పిచిక ఆమె నడుము పట్టీని పట్టుకుంది. తాను కూడా సాయం లాగుతున్నట్టు!

"'వదలండి, వదలండి' అని నేనెన్నిసార్లు ఏడ్చానో గుర్తుందా?" అంది, ఊపిరందక. "ఒక్కసారైనా విన్నారా? నేను వదలను. మీకోసం కాదు. నా బిడ్డ చూస్తోంది!"

పిండి పిసికిన ఆ చేతులు, శిక్షకురాలు వంతెన మీద పరిగెత్తుకొచ్చి అతనికి కొక్కెం తగిలించేదాకా బిగిసిన పిడికిలి బిగిసినట్టే ఉన్నాయి. 

అందరూ కిందికి దిగారు. చుట్టూ జనం మూగారు. అతను తుమ్మచెక్కలా బిగుసుకుపోయి కూర్చున్నాడు. "ఎలా పడ్డారు?" అని అడిగింది శిక్షకురాలు.

"చెక్క... చెక్క తడిగా ఉంది. జారింది," అన్నాడు, నేలచూపులు చూస్తూ. తరవాత కళ్ళెత్తి తన తల్లి వైపు చూశాడు. ఇలాంటప్పుడు మాట అందుకునేది ఆవిడే కదా!

ఆవిడ నోరు తెరిచింది. అంతలో పిచిక వచ్చి ఆవిడ చీర కుచ్చెళ్ళు పట్టుకుంది.

"నానమ్మా," అంది మెల్లిగా, ఏదో తప్పు జరిగిపోయినట్టు, "ఇవాళ మిక్సీ లేదుగా... అందరికీ వినిపించేసింది."

ఆ ముసలి ప్రాణం నిలువునా కూలిపోయింది. పిల్ల చెవులు మూస్తున్నాననుకుంది ఇన్నేళ్ళూ! మూసింది తన చెవులే! మొగుడు తనని కొట్టిన రోజుల్లో ఆవిడ అత్తగారు రేడియో పెంచేది. ఆ రేడియో గుర్తొచ్చింది. ఆ పాటలు ఈనాటికీ వినలేదు ఆవిడ.

"జారలేదమ్మా," అంది శిక్షకురాలితో. "కొట్టబోయి పడ్డాడు. ఇవాళ ఒక్కరోజు కాదు. పొద్దున్న బూటుతో కొట్టాడు. ఆ మచ్చకి తలుపు తగిలిందని చెప్పమన్నది నేనే. నా కోడలు తలుపులకీ గోడలకీ కొట్టుకునేంత గుడ్డిది కాదు!"

"అమ్మా! నీకు మతి పోయిందా!"

"ఇప్పుడే వచ్చిందిరా! తాళంచెవి ఇటియ్యి. మీ నాన్న ఆ ఇల్లు నా పేర కట్టాడు. నువ్వు ఇవాళ ఆ గడప తొక్కకు. మేం ముగ్గురం ముందు పోలీస్ స్టేషనుకి పోతున్నాం. అక్కడా ఈ మాటే చెప్తాను. సాక్ష్యం కావాలంటే నేనున్నాను!"

అతను మేనేజరు వైపు చూశాడు. మేనేజరు మొహం తిప్పుకున్నాడు. స్నేహితులూ తిప్పుకున్నారు. జేబులోంచి తాళంచెవి తీసిస్తుంటే అతని మణికట్టు మీద పెళ్ళాం వేళ్ళ అచ్చులు ఎర్రగా కనిపించాయి.

కోడలు అత్తగారి ఒళ్ళో తలపెట్టి భోరున ఏడ్చింది. "ఎందుకు పట్టుకున్నావే వాణ్ణి... నేనైతే..." అని గొణిగింది అత్తగారు. "మీ కొడుకు కదా అత్తయ్యా..." అంది కోడలు.

మర్నాడు కోడలు చెయ్యి మెడకి కట్టుతో వేలాడుతోంది. బేకరీకి సెలవు చెప్పింది. వంటింట్లో పని అత్తగారిదే. మిక్సీలో పప్పులు వేసి, మూత పెట్టి, మీట దాకా వెళ్ళిన చెయ్యి వెనక్కి తీసుకుంది. గుమ్మంలోకి వచ్చి పిలిచింది.

"పిచికా, ఇలా రామ్మా. మిక్సీ వెయ్యాలి. నువ్వు సరేనంటేనే వేద్దాం."

పిచిక వచ్చింది. మూత తీసి లోపలికి తొంగిచూసింది. ఈసారి నిజంగానే ఉన్నాయి పప్పులు. అమ్మ వైపు చూసింది, వీధి తలుపు వైపు చూసింది. తర్వాత ఒక చేత్తో అమ్మ వేలు పట్టుకుని, రెండో చేత్తో మీట నొక్కింది.

గుర్ర్ర్...

కట్టేసింది. అందరూ చెవులొగ్గారు. ఎవరూ అరవలేదు. ఏదీ గోడకి కొట్టుకోలేదు.

"ఇంకా నలగలేదు నానమ్మా," అంది పిచిక, గిన్నెలోకి చూసి. మళ్ళీ నొక్కింది.