పిట్ట ముట్టని గుడ్డు

స్వరూప కుడికాలితో మీట మెల్లగా తొక్కింది. గోడకు అవతల, రాతిబండ మీద, ఇనుపపిట్ట మెడ వంచి పాయసంలో ముక్కు ముంచింది. అద్దం సందులోంచి చూస్తే, పెళ్లాన్ని పోగొట్టుకున్న ముసలాయన భుజాలు దిగిపోవడం కనిపించింది. ఆయన వెంట వచ్చినవాళ్లు "ముట్టింది, ముట్టింది" అంటూ ఒకరినొకరు పట్టుకున్నారు. గోడమీది దీపం పచ్చగా వెలిగింది. పోయినావిడ పేరున వంటకిచ్చే వేడివాటా ఊరి ఉమ్మడిలో కలిసిపోయింది.

పిట్టను మరీ తొందరగా వంచితే జనానికి అనుమానం వస్తుంది. మరీ ఆలస్యం చేస్తే ప్రాణాలు ఉగ్గబట్టుకుని నిలబడ్డవాళ్లు అక్కడే కూలబడతారు. అందుకని, వాళ్లు పోయినవాళ్లకు ఏదో ఒక మాట ఇచ్చేదాకా ఆగి, ఆ మాట విన్నట్టుగా వంచాలి. ఇన్నేళ్లలో స్వరూప కాలు ఒక్కసారి కూడా తప్పలేదు.

పైన ఎండ మనిషిని నిలవనివ్వక, ఊరు ఊరంతా పాత బొగ్గుబావిలోకి దిగి తరాలు గడిచాయి. కింద కాకులెక్కడివి? కోళ్లున్నాయి గానీ, వాటికి గింజల గోల తప్ప మనుషుల ఏడుపు పట్టదు. పోయినవాళ్లకు పిట్టకు పెట్టకుండా ఊరుకుంటే మాత్రం జనం మనసు ఒప్పదు. చూసి చూసి, వాటాలు పంచే పంపకాల కచేరీవాళ్లు ఈ ఇనుపపిట్టను నిలబెట్టారు. పైనుంచి వచ్చే గాలికి అది దానంతటదే కదులుతుందని చెప్పారు. జనం నమ్మారు. నమ్మకుండా బతకడం కష్టం కనుక నమ్మారు. మీట సంగతి పెదవి దాటితే ఉన్న కొలువు ఊడుతుంది. స్వరూప కోళ్లగదిలో పనిచేస్తుందనే ఇంట్లో అనుకుంటారు. ఆమె మొగుడు ఓదెలు అలా అనుకుంటూనే పోయాడు.

పైన ఎండపలకలు తుడవడానికి వెళ్లాడు. చలువకోటు మొరాయించింది. మెట్లదాకా వచ్చి, మెట్టు మీద కాలు పెట్టలేకపోయాడు. ఇవాళ్టికి మూడు రోజులు.

బావిలో నిప్పు ముట్టించకూడదు. పుల్ల గీస్తే గాలే అంటుకుంటుంది. వంటంతా తరంగపెట్టెలోనే. పొద్దున గుడ్డు ఓదెలు పని. నీలం పింగాణీ కప్పులో గుడ్డు కొట్టి, ఇన్ని పాలు, చిటికెడు ఉప్పు, సన్నగా తరిగిన ఉల్లిగడ్డ వేసి గిలక్కొట్టి, సాసరు మూతేసి పెట్టెలో పెట్టేవాడు. సగంలో ఆపి చెంచాతో కలిపి మళ్లీ పెట్టేవాడు. ఇంకా మెత్తగా ఉండగానే తీసి, ఆ మూత కిందే మగ్గనిచ్చేవాడు. ఆ తర్వాతే పెళ్లాన్ని లేపడం.

తరంగపెట్టె ఎవరి చేతిలో ఎక్కువగా మెలిగితే వాళ్ల పద్ధతీ గొంతూ పట్టేస్తుంది. అందుకే ఈ మూడు పొద్దులూ అది వేళకు తనంతట తాను వెలిగింది. ఖాళీ పళ్లేన్నే తిప్పింది. సగంలో ఆగింది, కలపడానికి పట్టేంతసేపు ఊరుకుంది, మళ్లీ తిరిగింది. ఆఖరికి ఓదెలు గొంతుతో పిలిచింది.

"లెవ్వు స్వరూపా, గుడ్డయింది. సల్లారితే నీసు వాసనొస్తది."

లోపల ఏమీ లేదని తెలిసీ ఆమె తలుపు తీసి చూసింది. మూడుసార్లూ తీసింది.

పిట్ట ముడితే వాటా పోతుంది. వాటాతో పాటు పెట్టెలోని గొంతూ పోతుంది. అది ఊళ్లో అందరికీ తెలిసిన కట్టుబాటే. పిట్ట ముట్టకపోతే వాటా కదలదు. అందుకే స్వరూప ఇవాళ్టి కొలువు అడిగి మరీ వేయించుకుంది. ఇంట్లో మాత్రం, తాను పిట్ట దగ్గర నిలబడి చూడలేనని చెప్పింది. ఓదెలు గొంతు ఆగిపోకూడదు. దానికోసం ఈ ఒక్కసారి కాలు కదపకుండా కూర్చుంటే చాలు.

వరుసలో అత్త రాజవ్వ వంతు వచ్చింది. ఆమె చేతిలో నీలం కప్పు ఉంది.

స్వరూప అద్దం సందు దగ్గరికి జరిగింది. తరంగపెట్టె అంటే రాజవ్వకు భయం. కొడుకు బతికున్నన్నాళ్లూ దాని తలుపు ముట్టుకోలేదు. అలాంటి మనిషి గుడ్డు వండి తెచ్చింది.

రాజవ్వ కప్పు బండమీద పెట్టి, మూత తీసి, వెనక్కి జరిగి నిలబడింది. పిట్ట కదల్లేదు.

"ముట్టు బిడ్డా" అంది. "నీకిష్టమని తెచ్చిన."

పిట్ట కదల్లేదు.

"మీ నాయినకు పెట్టిననాడు పిట్ట గింత సతాయించలే. పెట్టంగనే ముట్టింది. నువ్వెందుకు ముడ్తలేవురా?"

ఆనాడు రాజవ్వ ముఖం చూడలేక స్వరూపే కప్పు పెట్టీ పెట్టకముందే మీట తొక్కేసింది. ఆ రాత్రి అత్త కంటినిండా నిద్రపోవడం చూసి తానేదో పుణ్యం చేశాననుకుంది కూడా.

చెవిలో దోపుకున్న బిళ్లలోంచి పైఅధికారి గట్టయ్య గొంతు గరగరలాడింది. "స్వరూపా, ఏం జేస్తున్నవ్? వరుస ఆగిపోయింది. తొక్కు."

తొక్కలేదు.

రాజవ్వ రెండు చేతులూ జోడించింది. "స్వరూప ఏమైతదోనని మనాది వెట్టుకున్నవా? నిజమే బిడ్డా. మూడొద్దులాయె, గా పిల్ల నోట్లె మెతుకు వెట్టలే. ఖాళీ పెట్టె ముందల నిలవడి ఏడుస్తది, నేను సూత్తలేననుకుంటది. రేపటిసంది నేను లేపుత దాన్ని. నేనే గుడ్డు జేసి పెడ్త. నాకు చేతగాదు, అయినా నేర్సుకుంట. నా బిడ్డ లెక్కనే సూస్కుంట. ముట్టు నాయినా, నీ కాళ్లు మొక్కుత."

మాట ఇచ్చింది. ఇప్పుడు వంచాలి. స్వరూప కాలు అలవాటుకొద్దీ మీటమీదికి వెళ్లి ఆగింది. తొక్కితే ఆ గొంతు ఇక లేదు. తొక్కకపోతే ఈ తల్లి, కొడుకు తన మాట కాదన్నాడనుకుంటూ బతికినన్నాళ్లూ కుములుతుంది. ఓదెలు కాదనడు. అమ్మ మాటను ఏనాడూ కాదనలేదు. ఆ సంగతి చెప్పే దిక్కు స్వరూప ఒక్కతే.

ఆమె కాలు తీసేసింది. లేచి, గోడలోని చిన్నతలుపు తోసుకుని బయటికొచ్చింది.

వరుసంతా నోళ్లు వెళ్లబెట్టింది. ఆమె ఎవరి ముఖమూ చూడలేదు. బండ దగ్గరికి వెళ్లి, కప్పు తీసుకుని, చేత్తోనే తినసాగింది. గుడ్డు రబ్బరులా సాగింది. ఉప్పు రెండుసార్లు పడ్డట్టుంది. కళ్లనీళ్లు కప్పులో పడుతున్నా ఆపకుండా నమిలింది.

తెరిచిన తలుపులోంచి మీట కనిపిస్తోంది. మీటనుంచి పిట్టమెడదాకా తీగ కనిపిస్తోంది. రాజవ్వ రెంటినీ చూసింది, కోడల్ని చూసింది.

"మీ మామకు పెట్టిననాడు సుత నువ్వేనా?"

"నేనే అత్తమ్మా."

"అయితే ఆయన ముట్టలే."

"లేదు."

రాజవ్వ బండమీద చతికిలబడింది. చాలాసేపు పైట నోట్లో కుక్కుకుని ఏడ్చింది. మొగుడి కోసం అప్పుడు ఆపుకున్న ఏడుపు, కొడుకు కోసం మూడు రోజులుగా దాచిన ఏడుపు, రెండూ కలిసి వచ్చాయి. తర్వాత ముఖం తుడుచుకుని, కప్పు వంక చూసింది.

"ఎట్లున్నది?"

"గట్టివడ్డది. నడుమ ఆపి కలపాలె."

"వాడు ఆపుతుండెనా?"

"ఆపుతుండె."

"నాకెవ్వలు జెప్పిన్రు మరి" అంది రాజవ్వ, తప్పు తనది కానట్టు.

స్వరూపకు ఏడుపులోనే నవ్వొచ్చింది. మిగిలిన ముద్ద తీసి అత్త నోటికి అందించింది. ఆమె నోరు తెరిచింది. ఆమె కూడా మూడు రోజులుగా తినలేదని స్వరూపకు అప్పుడు తెలిసింది.

గోడమీది దీపం పచ్చబడి, ఆరి, ఎర్రబడి, మళ్లీ పచ్చబడి కొట్టుకుంటోంది. "బండమీద తూకం తప్పింది, పిట్ట వంగలేదు" అంటున్నాడు గట్టయ్య చెవిలో. "వాటా ఉంచాల్నా, తియ్యాల్నా? స్వరూపా, ఏదో ఒకటి జెప్పు!" ఆమె చెవిలోది తీసి బండమీద పెట్టింది.

ఇందాకటి ముసలాయన ఇంకా గుమ్మం దాటలేదు. అంతా విన్నాడు. మెల్లగా వెనక్కి నడిచొచ్చి స్వరూప ఎదుట నిలబడ్డాడు.

"మా ముసల్దానికి సుత నీ కాలేనా బిడ్డా?"

ఆమె తలూపింది. ఆయన కొట్టినా పడదామనుకుంది.

ఆయన పిట్ట ముక్కు ముంచిన పాయసం గిన్నె వెతికి తెచ్చుకుని, రాజవ్వ పక్కనే బండమీద కూర్చున్నాడు. "దానికి తీపంటే పానం" అని, ఏడుస్తూ తినడం మొదలుపెట్టాడు. వరుసలో తర్వాతున్నావిడ ఇనుపపిట్టను ఒకసారి చూసి, తాను తెచ్చిన గిన్నె మూత తీసి, పక్కనున్న కూతురి చేతిలో పెట్టింది.