ఏడు కంచాల పాట

"ఆపండి, ఆపండి! మళ్లీ జాస్మినే!" భానుశ్రీ అరిచింది.

ఏడో తరగతి గదిలో ఏడుగురు పిల్లలు గుండ్రంగా కూర్చున్నారు. ఒక్కొక్కరి ముందు మధ్యాహ్నం అన్నం తిని కడిగిన స్టీలు కంచం. ప్రతి కంచం నుంచీ ఒక వైరు మధ్యలో ఉన్న బోర్డుకి, అక్కణ్నుంచి లాప్‌టాప్‌కి వెళ్తుంది. కంచాన్ని తాకితే చాలు, ఒక్కో కంచం ఒక్కో స్వరం పలుకుతుంది. సంగీతం రానివాళ్లూ కలిసి వాయించవచ్చని సైన్సు చెప్పే కరుణాకర్ సార్ దీన్ని తయారుచేశారు. రేపే ఒంగోలులో సైన్స్ ఫెయిర్.

పాట బాగానే నడుస్తోంది. జాస్మిన్ దగ్గరికి వచ్చేసరికే కాస్త ఆలస్యమవుతోంది.

"ఏంటి జాస్మిన్, నీ చెయ్యి అద్దంకి బస్సెక్కి వస్తోందా?" అన్నాడు అష్రఫ్. అందరూ నవ్వారు.

భానుశ్రీ నవ్వలేదు. ఎలాగైనా బహుమతి తేవాలి. ఆలస్యంగా పలికేకన్నా ఆ కంచం పలక్కపోవడమే నయమనుకుంది. సార్ ఆఫీసు గదిలో ఉన్నారు. మిగతావాళ్లు మంచినీళ్లకి లేచారు. భానుశ్రీ బోర్డు దగ్గర జాస్మిన్ వైరును కొద్దిగా పీకింది. చూసేవాళ్లకి తగిలించినట్టే ఉంది.

మళ్లీ మొదలుపెట్టారు. జాస్మిన్ కంచం పలకలేదు.

"పొడి చేతులకి పలకదని సార్ చెప్పారుగా. తడి చేసుకుని రా," అన్నాడు అష్రఫ్.

జాస్మిన్ కుళాయి దగ్గరికి పరుగెత్తింది. వచ్చి తాకింది. పలకలేదు. మళ్లీ వెళ్లింది. అప్పుడూ పలకలేదు.

"నిన్న ఆదివారం అమ్మతో మిరపకాయలకి తొడిమలు తీశాను. చేతులు గరుకైపోయాయి. అందుకేనేమో," అంటూ మూడోసారి లేచింది.

"నీళ్లు తగిలితే మంటేగా?" అంది భానుశ్రీ.

"మంటైతే ఏంలే. రేపటికి పలకాలిగా."

భానుశ్రీకి ఆ మంట తెలుసు. పోయినేడాది తనూ తొడిమలు తీసి, చేతులు మజ్జిగలో ముంచుకుని ఏడ్చింది.

"ఆగు జాస్మిన్! నీ చేతులకేం కాలేదు. వైరు నేనే పీకాను."

కుళాయి వైపు వెళ్తున్న జాస్మిన్ వెనక్కి తిరిగింది.

"ఎందుకే?" అంది జాస్మిన్. ఆమె చేతులు మంటకి ఎర్రబడి ఉన్నాయి.

"నీవల్ల బహుమతి పోతుందనుకున్నా. తప్పు చేశాను."

"పక్క కంచం మోగిందాకా ఆగి, అది విని కొడుతున్నా. అందుకే లేటు. నన్నడిగితే చెప్పేదాన్నిగా!"

భానుశ్రీ వైరు గట్టిగా తగిలించింది. తన కంచం తీసుకొచ్చి జాస్మిన్‌కి ఎదురుగా పెట్టుకుంది.

"నీ వంతు రాగానే తలూపుతా. నన్ను చూసి కొట్టు."

మొదటిసారి కుదరలేదు. రెండోసారీ కుదరలేదు. ఇంటిగంట కొట్టారు. ఎవరూ లేవలేదు.

అయిదోసారి భానుశ్రీ తలూపింది. జాస్మిన్ కంచం సరిగ్గా పలికింది! భానుశ్రీ సంతోషంగా జాస్మిన్‌నే చూస్తూ, తన కంచం తాకడమే మర్చిపోయింది.

"ఇప్పుడు బస్సెక్కింది నీ చెయ్యా?" అన్నాడు అష్రఫ్.

జాస్మిన్ పకపకా నవ్వింది. ఈసారి భానుశ్రీ కూడా నవ్వింది.

"ఆపండి, ఆపండి! ఈసారి నేనే!" అంది. "పదండి, మళ్లీ మొదట్నుంచి."