సిగ్నల్ పోతే ఏం చెయ్యాలి

టెడ్ లింగ్రెన్‌ని చంపింది మనిషి కాదు. టెడ్ స్వయంగా నడుపుతున్న రోబో.

డులూత్ ఊరి చివర మిలటరీ మైదానంలో ఆ రోజు బాంబులు తీసే రోబోకి పరీక్ష. పరీక్షకి ఉత్తుత్తి బాంబే పెట్టాలి, ఎవరో దాన్ని తీసేసి అసలుది పెట్టారు. టెడ్ వ్యాన్‌లో కూర్చుని రిమోట్‌తో రోబోని పంపాడు. అది వెళ్లి బాంబుని చేతుల్లోకి ఎత్తుకుంది. అంతలో సిగ్నల్ పోయింది. రోబో వెనక్కి తిరిగి, వచ్చిన దారినే బుద్ధిగా నడిచొచ్చి, బాంబుని వ్యాన్ దగ్గరికి తెచ్చింది. టెడ్ దిగి పరుగెత్తితే బతికేవాడు. ఆ మొండి ఘటం ఆఖరి క్షణం దాకా స్విచ్‌లు నొక్కుతూ కూర్చున్నాడు. పాతిపెట్టడానికి పెద్దగా ఏమీ మిగల్లేదు.

వారం తిరక్కుండా ఏజెంట్ లైల్ నార్బీకి కబురొచ్చింది. మినియాపొలిస్ ఆఫీసులో చీఫ్ హాల్వర్సన్ తలుపేసి విషయం చెప్పాడు.

"సిగ్నల్ పోతే వచ్చిన దారినే వెనక్కి రావాలి. ఆ రోబోకిచ్చిన ఆర్డరది. ల్యాబ్ రహస్యం. తెలిసింది ముగ్గురికే. ఒకటి, టెడ్‌కి. రెండు, దాన్ని డిజైన్ చేసిన ఆర్లెన్ కోస్కికి. మూడు, ఆర్లెన్ చెల్లెలు వెర్నాకి. ఇప్పుడు టెడ్ సీట్లో కూర్చునేది ఆ పిల్లే."

"ఆర్లెన్ అమ్ముడుపోయాడంటారా?"

"వాడికి పాత కారు అమ్మడమే చేతకాదయ్యా, దేశాన్నేం అమ్ముతాడు. ఆదివారం మధ్యాహ్నమైతే చాలు, డులూత్‌లో ఆటల కొట్టు కింద గదిలో కూర్చుని పాచికలేస్తాడు. అంతరిక్ష నౌకలు, రోబోలు. అదే వాడి లోకం."

"అక్కడ మనవాళ్లెవరైనా ఉన్నారా?"

"ఆట నడిపే ఆవిడే మన మనిషి. సెలెస్ట్ డ్యూరాన్. విదేశీ ముఠా కబుర్లు ఎప్పటినుంచో మనకి మోస్తోంది. వెళ్లి 'అదనంగా పాచిక ఉందా' అని అడుగు. 'ఎర్రది మాత్రమే' అంటే ఆవిడేనని అర్థం." హాల్వర్సన్ బల్ల మీదికి చెవిటి మిషన్ ఒకటి తోశాడు. "ఇందులో మైకుంది. నువ్వు విన్నదంతా బయట బ్రెడ్డు ట్రక్కులో కూర్చున్న బెర్ట్ వింటాడు. వాడి మాట నీకొక్కడికే వినిపిస్తుంది."

"మొత్తానికి నన్ను చెవిటివాణ్ణి చేశారు."

"పెళ్లైనవాడివి, నీకు అలవాటేగా."

ఆదివారం మధ్యాహ్నం లైల్ పెట్టుడు మీసంతో, ట్రాక్టర్ విడిభాగాలమ్మే మనిషి వేషంలో కొట్టు కింది గదిలోకి దిగాడు. బయట సరస్సు గడ్డకట్టి ఉంది. లోపల హీటర్ మోత, తడి కోట్ల వాసన. కొట్టు యజమాని గస్ పెట్రిచ్ జున్ను ముక్కలు నములుతూ కుర్చీ చూపించాడు. ఎదురుగా ఆర్లెన్. నలిగిన గళ్ల చొక్కా, ఎర్రబడిన కళ్లు. టెడ్ అతనికి చిన్ననాటి స్నేహితుడు. టెడ్ కూర్చునే కుర్చీని ఎవరూ తీయలేదు, అందులో ఎవరూ కూర్చోలేదు కూడా.

బల్ల చివర అట్టతెర నిలబెట్టుకుని, దాని వెనక సెలెస్ట్. పట్టు స్కార్ఫు, గోళ్లకి ఎర్ర రంగు, మెడలో ముత్యాలు. అలాంటి మనిషి ఆ బొంత చొక్కాల మధ్య ఏం చేస్తోందని ఒక్కడికీ అనుమానం రాలేదంటే, మగవాళ్ల తెలివి గురించి నేను కొత్తగా చెప్పేదేముంది.

"అదనంగా పాచిక ఉందా అండీ?" అన్నాడు లైల్.

"ఎర్రది మాత్రమే," అంది సెలెస్ట్ నవ్వుతూ.

ఆ ఆటకి రూల్స్ రాసింది సెలెస్టే. ఆవిడ కథ నడుపుతుంది, మిగిలినవాళ్లు కథలో మనుషులవుతారు. ఆ ఆదివారం పని, చచ్చిన గ్రహం మీదికి పంపడానికి తలా ఒక రిమోట్ రోబోని తయారుచెయ్యడం. చేతిలో ఉన్న పాయింట్లతో చక్రాలు కొనాలి, చేతులు కొనాలి, కళ్లు కొనాలి, సిగ్నల్ ఎంత దూరం పోవాలో కొనాలి. కాగితం అడుగున ఒక గడి ఉంది: సిగ్నల్ పోతే రోబో ఏం చెయ్యాలి? దాన్ని ఖాళీగా వదిలితే రోబోని ఒప్పుకోరు.

లైల్ రాసిన కాగితం చూసి గస్ పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఒరే ఆర్లెన్, చూడరా. ఆరు చేతులు కొన్నాడు, కళ్లు కొనడం మర్చిపోయాడు."

"తడుముకుంటూ పోతుందిలే," అన్నాడు లైల్.

"చక్రాలకి ఒక పాయింటే చాలు కదా," అన్నాడు మళ్లీ.

ముగ్గురి తలలూ ఒక్కసారి లేచాయి. "రెండు," అన్నారు ఒకే గొంతుతో. ఆ బల్ల దగ్గర అదొక ఆచారం. అబద్ధమాడినా ఊరుకుంటారు, రూల్ తప్పు చెబితే మాత్రం సరిదిద్దేదాకా ఎవరి చెయ్యీ పాచిక ముట్టుకోదు. ఆ ఆటవాళ్లంతా అంతే, తప్పు రూల్ వింటే వాళ్లకి ఒళ్లంతా జెర్రులు పాకుతాయి.

కాసేపయ్యాక సెలెస్ట్ కాఫీ కలుపుకుంటూ మామూలుగా అంది. "ఆర్లెన్, నీ రోబో వెనక్కి బయల్దేరిందనుకో. మధ్యలో సిగ్నల్ తిరిగొచ్చినా ఇంటికి చేరేదాకా ఎవరి మాటా వినదు. అంతేగా?"

"అదేం రూలు?" ఆర్లెన్ పెన్సిల్ కింద పెట్టాడు. "సిగ్నల్ వచ్చిన క్షణమే ఆగిపోవాలి. ఆగి, కొత్త ఆర్డరు కోసం చూడాలి. అలా చెయ్యకపోతే వాడు డిజైనరే కాదు."

"నువ్వు చెప్పాక తప్పుతుందా," అంది సెలెస్ట్. కాగితం మీద ఏమీ రాసుకోలేదు. రాసుకోవలసిన అవసరం ఆవిడకి లేదు.

ఆర్లెన్ రహస్యాన్ని ఎవరికీ అమ్మలేదు. ఎవరూ దొంగిలించనూ లేదు. అతని ముందు ఒక తప్పు మాట అంటే చాలు, నిజం తనంతట తనే బయటికొస్తుంది. మొదటి రహస్యం కూడా ఇలాగే, ఈ బల్ల మీదే, జున్ను ముక్కల మధ్య జారిపోయి ఉంటుంది. దాన్ని లాగింది ఎవరో కాదు, హాల్వర్సన్ 'మన మనిషి' అని చెప్పిన మనిషే. మన కబుర్లు అటూ అటు కబుర్లు ఇటూ మోస్తూ మన డబ్బుతోనే ముత్యాలు కొనుక్కుంది.

అప్పుడే చెవిలో బెర్ట్ గొంతు. "లైల్, ఓడరేవులో బాంబు దొరికింది. ఈసారి ఆట కాదు, పరీక్షా కాదు. వెర్నా వ్యాన్‌లో ఉంది. రోబో బయల్దేరింది."

లైల్ కాగితం మీద గీతలు గీస్తూ కూర్చున్నాడు. నిప్పుల మీద కూర్చున్నట్టుంది. కాసేపటికి మళ్లీ అదే గొంతు.

"సిగ్నల్ పోయింది. బాంబుతో వెనక్కి వస్తోంది. వెర్నా దిగనంటోందట. వ్యాన్ వెనకే చమురు ట్యాంకులు, వాటి వెనక ఇళ్లు. జామర్ కోసం మనవాళ్లు కొండెక్కుతున్నారు."

సిగ్నల్‌ని చంపే ఆ జామర్ ఎక్కడుందో ఆ గదిలో ఒక్కరికే తెలుసు. ఆ ఒక్కరు చేతి గడియారం చూసుకుని స్కార్ఫు సర్దుకున్నారు. తుపాకీ చూపించి అడిగితే చెప్పదు. నోరు విప్పకుండా చావడం ఆవిడ వృత్తి. అడక్కుండా చెప్పించే దారి దొరికితే తప్ప వెర్నా బతకదు.

లైల్ ఆవులించాడు. "నా వంతే కదా? శత్రువు నా రోబో సిగ్నల్ చంపేశాడనుకుందాం. ఏముంది, పక్కనున్న కొండెక్కుతాను. జామర్ అనేది ఎత్తు మీదే ఉండాలి, ఇల్లంత పెద్దదై ఉండాలి. అది రూలు."

గస్ నమలడం ఆపాడు. ఆర్లెన్ నోరు తెరవబోయాడు. కానీ ఆ రూల్స్ రాసిన మనిషే ముందు అందుకుంది.

"ఎవరు చెప్పారు మీకు?" సెలెస్ట్ కనుబొమ్మలు ముడిపడ్డాయి. "కొండెందుకు? ఇల్లంత దేనికి? రోబో అడుగుతూ ఉండాలి, రిమోట్ బదులిస్తూ ఉండాలి. రిమోట్‌కి రోబో మాట వినపడకపోతే బదులు పోదు, బదులు రాకపోతే సిగ్నల్ పోయినట్టే లెక్క. దానికి టిఫిన్ డబ్బా అంతది చాలు. నడిపేవాడి సీటు కింద పెడితే..."

అక్కడ ఆగింది. చివరి మాట ఆవిడ చెవిలోనే ఆవిడకి వినిపించినట్టుంది.

"బెర్ట్, వెర్నా సీటు కింద," అన్నాడు లైల్.

సెలెస్ట్ చెయ్యి అట్టతెర వెనక్కి పోయింది. లైల్ ఆ తెరతో సహా చేతిని బల్లకేసి నొక్కిపెట్టాడు. చిన్న పిస్తోలు పాచికల మధ్య దొర్లింది. గస్ దాన్ని పట్టకారతో పట్టినట్టు రెండు వేళ్లతో ఎత్తి జున్ను గిన్నెలో పెట్టాడు.

"ఏంటిది?" ఆర్లెన్ లేచి నిలబడ్డాడు. "వెర్నా సీటేంటి? మా వెర్నాయేనా?"

లైల్ దాచలేదు. ఓడరేవు సంగతి చెప్పాడు. టెడ్ సంగతీ చెప్పాడు. ఆర్లెన్ వింటూ వింటూ టెడ్ కుర్చీ వైపు చూశాడు.

"నేను... ఆవిడ తప్పు చెప్పింది. సిగ్నల్ పోతే రోబో కూలబడాలంది. అది తప్పు. తప్పని చెప్పానంతే."

"తెలుసు," అన్నాడు లైల్.

"టెడ్ ఇక్కడే ఉన్నాడప్పుడు. నా పక్కనే. వాడు కాలితో తన్నాడు నన్ను, బల్ల కింద. నోరు మూసుకోమని. నేను ఆటలో సరదాకి తన్నాడనుకున్నాను."

ఆర్లెన్ రెండు చేతులతో బల్ల అంచు పట్టుకున్నాడు. చెల్లెలు బతికుందో లేదో చెప్పే చెవి అతనిది కాదు, లైల్‌ది. అందుకని లైల్ మొహం మీంచి కళ్లు తిప్పలేదు.

బెర్ట్ గొంతు వచ్చింది. ఓడరేవులో తనతో ఫోన్‌లో మాట్లాడుతున్న కాపలావాడు ఫోన్ పట్టుకునే వ్యాన్ దాకా పరుగెత్తాడట. వెర్నా సీటు కింద చెయ్యి పెడితే రేకు డబ్బా తగిలిందట. తీగలు పళ్లతో కొరికి పీకేసిందట.

"మరి రోబో?"

"ఆగింది. డ్రైవరు తలుపుకి బాంబు ఆనించి ఆగింది. వెర్నా అవతలి తలుపు లోంచి రిమోట్ పట్టుకుని దిగి, దాన్ని మెల్లగా మంచు మీదికి నడిపిస్తోంది. చేతులు వణకట్లేదట. నావి వణుకుతున్నాయి."

"బతికుంది," అన్నాడు లైల్ పైకి.

ఆర్లెన్ ఏడవలేదు. కూర్చుని తన కాగితం దగ్గరికి లాక్కున్నాడు. అడుగు గడిలో రాసింది చెరిపేసి, 'ఉన్నచోటే ఆగిపో' అని రాశాడు. చాలా బలంగా రాశాడు, పెన్సిల్ ముక్కు విరిగింది. ఆ మాట అసలు రోబోకి నెల క్రితం రాసి ఉంటే టెడ్ ఆ కుర్చీలో ఉండేవాడని అతనికి ఇక జీవితాంతం తెలుస్తూనే ఉంటుంది. దానికి ఏ కోర్టూ వేరే శిక్ష వెయ్యక్కర్లేదు.

సాయంత్రం కారులో మినియాపొలిస్ బయల్దేరారు. సెలెస్ట్ చేతులకి సంకెళ్లు, పెదవులకి తాళం. పేరడిగినా పలకలేదు. ముఠా పెద్ద ఎక్కడున్నాడో చెప్పమని బెర్ట్ బతిమాలి, బెదిరించి, అలిసిపోయి ఊరుకున్నాడు.

లైల్ వెనక్కి వాలి, పెట్టుడు మీసం పీకేసుకుని, రిపోర్టు గట్టిగా చదువుకోవడం మొదలుపెట్టాడు. "విదేశీ ముఠా నాయకుడు థండర్ బే నగరంలో కాపురముంటూ చేపల వ్యాపారం చేస్తున్నట్టు నిర్ధారణ అయినది."

కారు చాలా దూరం పోయింది. సెలెస్ట్ కిటికీలోంచి చూసింది. పళ్లు బిగించింది. మెడలో ముత్యాలు పట్టుకు లాగింది. కళ్లు మూసుకుంది.

"విన్నిపెగ్," అంది చివరికి, నరకయాతన పడుతూ. "చేపలు కాదు, బూట్లు."