తీసేసిన నలభై సెకన్లు

ఏసుదాసుకి తన గది మీద ఉన్నంత ప్రేమ మనుషుల మీద ఉండేది కాదు. రాజోల్లో కాలవ గట్టు పక్కన పెంకుటిల్లు, అందులో వీధివైపు గది. నాలుగు గోడలకీ కొబ్బరి పీచు పట్టాలు మేకులతో బిగించి, తలుపుకి పాత బొంత వేలాడదీసి, దానికి స్టూడియో అని పేరు పెట్టుకున్నాడు. బయట లారీ పోయినా లోపలికి చిన్న గొణుగుడులా వినిపించేది. వానాకాలంలో మాత్రం ఆ పీచు చెమ్మ పీల్చుకుని ముక్కిపోయిన వాసన కొట్టేది. తనకి అలవాటైపోయిందనీ, పాడేవాళ్లకే తుమ్ములొస్తాయనీ నవ్వుతూ చెప్పేవాడు.

2005 ఆగస్టులో, ముసురు పట్టిన ఒక మధ్యాహ్నం, అతను ఆ గదిలో సాఫ్ట్‌వేర్ ఎంచుకునే పనిలో పడ్డాడు. కేసెట్ల కాలం అయిపోయింది. చర్చి కోయిర్ వాళ్లు కూడా సీడీయే కావాలంటున్నారు. అందుకని పాత కంప్యూటర్ ఒకటి కొన్నాడు. అమలాపురంలో కంప్యూటర్ల కొట్టు కుర్రాడు మూడు ఆడియో సాఫ్ట్‌వేర్లు ఒకే డిస్కు మీద ఎక్కించి ఇచ్చాడు. "మూడూ వాడి చూడండి మాస్టారూ. మీ చెవికి ఏది నచ్చితే అది ఉంచుకోండి" అన్నాడు.

మొదటిది చూడ్డానికి బాగుంది గానీ పావుగంటకోసారి ఆగిపోయి, డబ్బు కట్టి కొనుక్కోమని గొడవ చేస్తుంది. రెండోదానికి మీటలు ఎక్కువ. అది తెరుచుకునేలోగా కాఫీ పెట్టుకుని తాగేసి గ్లాసు కడిగేసుకోవచ్చు. మూడోది ఉచితం, తాలూకా ఆఫీసు దరఖాస్తు ఫారంలా ఉంది. ముప్ఫయ్యేళ్లుగా చెవిని నమ్ముకుని బతికినవాడు కాబట్టి, బొమ్మ చూసి మోసపోననుకున్నాడు. ఏది అయ్యప్ప కేసెట్‌ని శుభ్రం చేస్తే దాన్నే ఉంచుకోవాలని నిశ్చయించుకున్నాడు.

అయ్యప్పది పక్క ఊరే. పదేళ్లుగా మస్కట్‌లో తాపీపని. రెండ్రోజుల క్రితం వచ్చి, చొక్కా జేబులోంచి ప్లాస్టిక్ కవరు తీసి, అందులోంచి ఒక కేసెట్ తీశాడు. దాని మీద ఏసుదాసు చేతిరాతే ఉంది. 1998.

"మా భూలక్ష్మి పంపిన ఆఖరి కేసెట్టండీ. రోజూ వినీ వినీ అరిగిపోయింది. దీన్ని సీడీలో ఎక్కించి పెట్టాలండి" అన్నాడు.

"అలాగేనండి. తొందరా?"

"వచ్చే బుధవారం నాకు మళ్లీ పెళ్లండి. అమ్మ ఊరుకోవట్లేదు. అమ్మాయి పేరు దుర్గాభవాని, ఆత్రేయపురం అవతల. పెళ్లయిన పదిరోజులకి నేను వెళ్లిపోవాలి. అమ్మాయి ఇక్కడే ఉంటుంది. అమ్మా, మా తమ్ముడు సత్తిరాజూ ఉన్నారు కదా, చూసుకుంటారు."

ఆ చివరి మాటకి ఏసుదాసు చేతిలో కేసెట్ బరువెక్కింది. అయినా "ఆయ్" అన్నాడు.

ఆ రోజుల్లో గల్ఫులో ఉన్నవాళ్లకి ఉత్తరాలకంటే కేసెట్లే ఎక్కువ వెళ్లేవి. చదువురాని ఆడవాళ్లు అత్తలతో, పిల్లలతో వచ్చి ఈ గదిలో కూర్చుని మైకు ముందు మాట్లాడి వెళ్లేవారు. ఏసుదాసు వాటిని బాగుచేసి, ఊరికి వచ్చిపోయేవాళ్ల చేత పంపించేవాడు. బాగుచేయడమంటే దగ్గులు తీసేయడం, ఏడుపులు తీసేయడం. అక్కడున్న మనిషిని కంగారు పెట్టకూడదన్నది అందరూ ఒప్పుకున్న మర్యాద. పెంకులు ఎగిరిపోయినా ఇల్లు బాగుందనే చెప్పాలి, మంచాన పడినా ఒళ్లు బాగుందనే చెప్పాలి. అది ఊళ్లో అందరి తప్పూ కావచ్చు. చేత్తో చెరిపింది మాత్రం ఏసుదాసే.

ఆ ఆఖరి కేసెట్ చేసిన రోజు భూలక్ష్మి పావుగంట మాట్లాడింది. వాన పడుతోంది. అత్తగారు వరండాలో కూర్చుంది. అంతా అయ్యాక భూలక్ష్మి వంటింట్లోకి మంచినీళ్లకి వెళ్తే, ముసలావిడ లోపలికొచ్చి, "ఏం మాట్లాడిందో ఒకసారి వినిపించండి" అంది. విన్నది. పన్నెండో నిమిషం దగ్గర ఆమె మొహం మాడిపోయింది.

"ఆ ముక్క తీసేయండి. కాపరాలన్నాక సవాలక్ష ఉంటాయి. దూరాన ఉన్నవాడు వింటే ఏం చేస్తాడు, గుండె బద్దలవడం తప్ప? మీకూ ఆడపిల్ల ఉంది కదండీ."

ఏసుదాసు వాదించలేదు. మైకు తగిలించకుండానే, టేపుని ఆ చోటికి తిప్పి, రికార్డు మీట నొక్కి నలభై సెకన్లు పట్టుకున్నాడు. అంతే, ఆ మాటలు పోయాయి. నెల తిరక్కుండా భూలక్ష్మి రేవులో కాలు జారి కాలవలో పడిపోయిందన్నారు. ఊరంతా నమ్మింది. తనూ నమ్మినట్టే ఉండిపోయాడు.

ఇప్పుడు ఆ కేసెట్టే కంప్యూటర్‌లోకి ఎక్కింది. తెర మీద ఆమె గొంతు ఎత్తుపల్లాల గీతలా పరుచుకుంది. అరిగిన టేపు కాబట్టి ఆ గొంతు వెనకాల అదేపనిగా ఒక బుసబుస. ఈ సాఫ్ట్‌వేర్లన్నిటి పద్ధతీ ఒకటే. ఎవరూ మాట్లాడని చోటు ఒకటి చూపించి, ఇదీ చప్పుడు అని దానికి చెప్పాలి. అది నేర్చుకుని, మిగతా కేసెట్‌లో అలాంటిది ఎక్కడున్నా తీసిపారేస్తుంది. మాటల మధ్య సందుల్లో వాన చప్పుడుంది, ఎక్కడో కోడి అరుస్తోంది, ఫ్యాను తిరుగుతోంది. బుసబుస తప్ప ఇంకేమీ లేని చోటు, చూపించడానికి సరిపడా పొడుగున్నది, కేసెట్ మొత్తానికి ఒక్కటే ఉంది. పన్నెండో నిమిషం దగ్గర, గీత సాఫుగా పడుకున్న నలభై సెకన్లు.

పనిమంతుడి బుద్ధి పనిమంతుడిదే. ఆలోచించకుండా దాన్నే చూపించాడు.

మొదటి సాఫ్ట్‌వేర్ మూడు నిమిషాలు నమిలి ఫలితం ఇచ్చింది. హెడ్‌ఫోన్ పెట్టుకుని విన్నాడు. వాన ఉంది. కోడి ఉంది. ఫ్యాను ఉంది. బుసబుస కూడా ఉంది.

భూలక్ష్మి లేదు.

"పనికిమాలిన సరుకు అంటగట్టాడు వెధవ" అని అమలాపురం కుర్రాణ్ణి తిట్టుకున్నాడు. రెండోది తెరిచాడు. అదే చోటు చూపించాడు. ఈసారి ఇంకా శుభ్రంగా వచ్చింది. వాన చినుకు చినుకూ విడివిడిగా వినిపిస్తోంది. కోడి పక్కనే ఉన్నట్టుంది. ఆమె మాటలు, ఊపిరి, గాజుల చప్పుడు... ఒక్కటీ లేవు. వేరు కంపెనీలు చేసిన రెండు సాఫ్ట్‌వేర్లకి ఒకే జబ్బు ఎలా వస్తుంది? అరచేతులకి చెమట పట్టింది. పంచెకి తుడుచుకున్నాడు.

మూడోదాంట్లో ఒక వెసులుబాటు ఉంది. తీసేసిన చప్పుడుని మాత్రం విడిగా వినిపిస్తుంది. సరిగ్గా తీసిందో లేదో చూసుకోడానికి. ఏసుదాసు దాని మీద టిక్కు పెట్టాడు.

వాన ఆగిపోయింది. బుసబుస ఆగిపోయింది. హెడ్‌ఫోన్‌లో భూలక్ష్మి గొంతు ఒక్కటే మిగిలింది. మైకు ముందు కాదు, చెవి దగ్గర కూర్చుని చెబుతున్నట్టుంది.

"ఏవండీ, బాగున్నారా? ఇక్కడ అందరం బాగున్నామండి. మీరు పంపిన చీర కట్టుకున్నానండి..."

ఎంత శుభ్రమైన గొంతు! ఏసుదాసు ఒక్క క్షణం నిజంగా సంతోషించాడు. ఈ సాఫ్ట్‌వేరే ఉంచుకోవాలి అనుకున్నాడు. అలాగే వింటూ ఉండిపోయాడు. తెర మీద గీత పన్నెండో నిమిషానికి వచ్చింది. సాఫుగా పడుకుంది.

గొంతు ఆగలేదు.

"మీతో ఒక మాట చెప్పాలండి. మీ తమ్ముడు రాత్రిళ్లు నా గది తలుపు కొడుతున్నాడండి. అత్తయ్యగారికి చెబితే నోరు మూసుకోమన్నారు. మొన్న లోపలి గడియ ఊడదీయించేసేరు. నాకు భయంగా ఉందండి. మీరు వచ్చెయ్యండి. రాలేకపోతే మా అన్నయ్యకి ఒక్క ముక్క రాయండి, నన్ను తీసుకుపొమ్మని..."

గీత సాఫుగానే ఉంది. గది కోవెల్లా నిశ్శబ్దంగా ఉంది. పీచు పట్టాల వాసన మారింది. ముక్కిన వాసన కాదు. గుర్రపుడెక్క కుళ్లిన కాలవ నీళ్ల వాసన...

నలభై సెకన్లు అయిపోయాయి. గీత మళ్లీ లేవాలి. లేవలేదు.

"ఇది అలాగే పంపిస్తారు కదా, అన్నయ్యగారూ?"

ఆమె అన్నయ్యగారూ అని పిలిచేది ఏసుదాసునే. ఆ మాట ఆమె నిజంగానే అన్నది. కానీ రికార్డర్ ఆపేశాక అన్నది. మైకు తీగ చుడుతూ తను విన్నాడు. టేపు మీద ఆ మాట ఉండడానికి వీల్లేదు.

మళ్లీ ఏమీ లేదు. ఊపిరి మాత్రం ఉంది. తడి ఊపిరి. ఎవరో జవాబు కోసం ఆగినట్టు...

"పంపిస్తానమ్మా" అన్నాడు. తెలియకుండానే అనేశాడు. అప్పుడు కూడా ఇదే మాట అన్నాడు.

గీత లేచింది. "ఉంటానండి, ఒళ్లు జాగ్రత్త" అంది భూలక్ష్మి గొంతు. కేసెట్ అయిపోయింది.

హెడ్‌ఫోన్ పీకి బల్ల మీద పడేశాడు. దాని మెత్త తడిగా ఉంది. తన చెమటే అనుకున్నాడు, అలా అనుకోవడమే సుఖం కాబట్టి. గోడ గడియారంలో మూడున్నర. నాలుగింటికి అయ్యప్ప వస్తానన్నాడు.

అరగంట వ్యవధి ఉంది. ఆ నలభై సెకన్లతో కలిపి సీడీ చేసి ఇవ్వచ్చు. అలా ఇస్తే అయ్యప్ప తమ్ముణ్ణి నరుకుతాడో, తల్లిని వదిలేస్తాడో, దుర్గాభవాని మాత్రం బతుకుతుంది. కానీ ఇన్నాళ్లూ ఇది ఎక్కడుందని అడుగుతాడు. ఎవరు తీసేశారని అడుగుతాడు. ఏసుదాసు ఆదివారం చర్చిలో ముందు వరసలో కూర్చునే మనిషి. కోయిర్ సీడీ మీద తన పేరు పడబోతోంది.

మొదటి సాఫ్ట్‌వేర్ మళ్లీ తెరిచాడు. ఈసారి టేపు మొదట్లో మాటలు మొదలవకముందున్న అరసెకను చూపించాడు. బుసబుస పోయింది, గొంతు నిలిచింది, బానే పనిచేసింది. పన్నెండో నిమిషం దగ్గర ఖాళీని కత్తిరించి అటూ ఇటూ అతికేశాడు. కేసెట్ మీద కనీసం ఖాళీ అయినా మిగిలింది. ఇప్పుడు అతుకు కూడా తెలియదు. ఈ కంప్యూటర్లు నిజంగా గొప్పవి. సీడీ రాసి, మూడో సాఫ్ట్‌వేర్‌ని కంప్యూటర్‌లోంచి తీసేశాడు.

అయ్యప్ప గొడుగు దులుపుకుంటూ వచ్చాడు. ఏసుదాసు సీడీ పెట్టి వినిపించాడు. ఆ మనిషి మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, పరీక్ష గదిలో పిల్లాడిలా కదలకుండా విన్నాడు. అయ్యాక తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

"ఎంత బాగా చేసేరండీ. ఎదురుగా కూర్చుని మాట్లాడినట్టుంది. ఒక్క కష్టం చెప్పలేదండి మహాతల్లి. మా ఇంట్లో అంత సుఖంగా ఉంది. దుర్గాభవానికి కూడా ఇదే వినిపిస్తానండి. చూడు, మా వాళ్లు ఎంత బాగా చూసుకుంటారో అని."

ఆ మాటతో ఏసుదాసులో ఏదో తెగింది. చేసిన పాపం ఒకటి, దాన్ని ఇంకో ఆడపిల్ల మెడకి కట్టడం ఇంకొకటి. "అయ్యప్పగారూ, మీకొక సంగతి చెప్పాలి" అన్నాడు.

చెప్పాడు. తలుపు కొట్టడం చెప్పాడు. గడియ సంగతి చెప్పాడు. ముసలావిడ ఏమన్నదీ చెప్పాడు. రికార్డు మీట నొక్కిన వేలు చూపించాడు. అమ్మాయిని ఆ ఇంట్లో వదలొద్దని దణ్ణం పెట్టాడు. చెబుతూ చెబుతూ ఏడ్చాడు. ఏడేళ్ల బరువు దిగిపోతుంటే గుండె తేలికపడింది. చివరికి తలెత్తి, అయ్యప్ప కొడతాడో, అరుస్తాడో అని చూశాడు.

అయ్యప్ప సీడీని జేబులో జాగ్రత్తగా పెట్టుకుంటున్నాడు.

"ఏదో చెప్తానన్నారు, చెప్పండి మరి. అలాగే నోరు తెరుచుకుని కూర్చుండిపోయేరేంటండీ?"

"చెప్పాను కదండీ..."

"లేదండీ. సంగతి చెప్పాలన్నారు. అంతే. ఒంట్లో బాగోలేదా? చేతులెత్తి దణ్ణం పెడుతున్నారు, మాట రావట్లేదు. కంగారు పడ్డానండి." అయ్యప్ప వంటింటి గుమ్మంవైపు చూసి గొంతు తగ్గించాడు. "ఇంట్లో ఏవైనా గొడవాండీ? మీరు అలా ఉన్నంతసేపూ లోపల ఆడమనిషి ఏడుస్తూనే ఉన్నారు. మీ ఆవిడగారేనా?"

ఏసుదాసు వంటింటివైపు చూశాడు. భార్య పుష్పలత పొద్దున ఏడింటి బస్సుకే కూతురి దగ్గరికి వెళ్లిపోయింది. ఇంట్లో ఇంకెవరూ లేరు. అతనికి ఏ ఏడుపూ వినిపించడం లేదు. గుమ్మం అవతల నేల మీద, వంటింట్లోంచి ఇటు వస్తూ మధ్యలో ఆగిన తడి అడుగుజాడలు నాలుగు ఉన్నాయి.

"చెప్పండి, ఆవిడేనా?"

"ఆయ్, మా ఆవిడేనండి" అన్నాడు ఏసుదాసు. "ఏం లేదు. అంతా బాగానే ఉన్నాం."

ఈ మాటలు మాత్రం ఎదుటి మనిషికి ఒక్క అక్షరం పోకుండా వినిపించాయి. అయ్యప్ప తేలిగ్గా ఊపిరి పీల్చుకుని, పెళ్లికి తప్పకుండా రమ్మని చెప్పి, గొడుగు తీసుకుని వాన్లోకి వెళ్లిపోయాడు.