తెర మీద సింధూర నడక

సాయంత్రమైతే సింధూర సైనిక్‌పురి పార్కులో ఫోన్ చెవిన పెట్టుకుని నడిచేది. నవ్వేది, చెయ్యి తిప్పేది, "ఊరుకోవే బాబూ" అనేది. అవతల ఎవరూ ఉండేవారు కాదు. కాకినాడ నుంచి ఉద్యోగానికొచ్చి ఏడాదైనా తనని పలకరించే మనిషి లేడని నలుగురికీ తెలియడం ఆమెకి నామోషీ.

కాలనీ హాల్లో డాన్స్ ఫిల్మ్ వర్క్‌షాప్ పెడితే చేరింది. రోజూ చేసే పనుల్నే నాట్యంగా చిత్రించి, ఆఖరి ఆదివారం పార్కులో తెరకట్టి అందరికీ చూపిస్తారట. కెమెరా పట్టుకుని ఆమెకి జంటగా తగిలినవాడు తిరుమలగిరి నుంచి వచ్చే వేణుమాధవ్. ఒట్టి వాగుడుకాయ.

"ఏందండీ, గిట్ల బిగుసుకపోయిన్రు? రోజూ ఏం జేస్తరో అదే చేయండి."

"రోజూ ఫోన్లో మాట్లాడతానండీ."

"అదే కానీయండి. నేను లేననుకోండి."

పార్కులో ఆమె ఫోన్‌తో నడుస్తుంటే, చినుకులు మొదలైనా అతను కెమెరాకి కర్చీఫ్ కప్పి వెనకే వచ్చాడు. ఆ అవతారం చూసి సింధూరకి నవ్వాగలేదు. నిజంగా నవ్వి ఎన్నాళ్లయిందో.

సరిగ్గా అప్పుడే, ఆమె 'మాట్లాడుతున్న' ఫోన్ చెవిలోనే రింగయింది. ఏదో లోన్ ఇస్తామనే కాల్. వేణుమాధవ్ కెమెరా దించేశాడు. ఆమె తలెత్తకుండా ఇంటికి వెళ్లిపోయింది, మళ్లీ వర్క్‌షాప్ గడప తొక్కలేదు.

ఆదివారం మాత్రం ఉండబట్టలేక వచ్చి వెనక నిలబడింది. ఆ రింగు అందరూ వింటే పరువేం కాను?

తెర మీద వానలో ఆమె పాదాలు, గాలిలో తిరిగే చెయ్యి, నవ్వు. వెనక మెత్తగా వేణువు. రింగు లేదు. జనం చప్పట్లు కొట్టారు.

ముందు కుర్చీలో కూర్చున్న పెద్దావిడ విమలమ్మ వెనక్కి తిరిగింది. "నువ్వు మా సందుల పిల్లవే గదా. ఎప్పుడు చూసినా ఫోన్ల ఉంటవని పలకరించలే బిడ్డా. రేపు పొద్దుగాల నాతోని నడువరాదు?"

సింధూర వస్తానని తలూపింది.

జనం వెళ్లిపోయాక వేణుమాధవ్ వచ్చాడు. "ఆ ముక్క తీసేసిన. ఎవరికీ చెప్పలే."

"జాలిపడ్డారా?"

"లేదండీ. మీరు రాకపోతే పరేషాన్ అయిన. మీరంటే నాకిష్టం."

"నాకిక్కడ ఎవరూ లేరండీ" అంది సింధూర. ఆ మాట పైకి అనడం అదే మొదలు. కళ్లు తుడుచుకుంటుంటే, ఆ వాగుడుకాయ జేబులోంచి ఆ కర్చీఫే తీసి అందించాడు.

"పొద్దున విమలమ్మగారితో వాకింగ్. మీరూ రండి" అందామె.

"కెమెరా తేవాల్నా?"

"వద్దు. మీతో మాట్లాడుకుంటూ నడవాలి."